గడప దాటిన చీర

మడతన్న అంటే ఊళ్లో తెలియనివాళ్లు లేరు. లాండ్రీ షాపు పెట్టిన కొత్తలో ఎవరో అతను చీర మడతపెట్టిన తీరు చూసి ముచ్చటపడి ఆ పేరుతో పిలిచారు. అదే అతుక్కుపోయింది. తర్వాత తర్వాత అసలు పేరు పెట్టి పిలిస్తే అతనే పలికేవాడు కాదు.

షాపంటే పెద్ద హంగేమీ లేదు. పల్లపు వీధిలో ఒక ముందుగది. అందులో నడుమెత్తు బల్ల, బల్ల మీద మడతలు వేసి పరిచిన పాత దుప్పటి, దాని నిండా ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు. గోడ పొడుగునా అరలు. పరదా తీస్తే వెనకగది, అదే కాపురం. వాన పడితే చాలు వీధి కాలవ పొంగి ఇళ్లలోకి వస్తుంది కాబట్టి షాపు గడపను మోకాలెత్తున కట్టించాడు. కొత్తవాళ్లు తట్టుకుని పడబోతుంటే, "చూసుకుని రండి బాబూ, మా గడప కాస్త పొగరుబోతు" అనేవాడు.

ఏ ఇంటి గుడ్డలు ఏవో తెలియడానికి అంచు లోపల ఎర్రదారంతో గుర్తు కుట్టడం వాళ్ల పద్ధతి. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. కుట్టేది అతని భార్య. ఒకరికి నిలువు కుట్టు, ఒకరికి అడ్డం, ఇంకొకరికి చిన్న ముక్కోణం. బడిలో పాఠాలు చెప్పే పంతులమ్మగారి గుర్తు ఇంటూ ఆకారంలో ఉండి, పక్కన ఒక చుక్క ఉంటుంది. ఆ చుక్క అవసరం లేదు. పంతులమ్మగారంటే ఇష్టం కొద్దీ ఆమె అదనంగా వేసింది.

మడతన్నకి ఒక జబ్బుంది. జబ్బనే అనాలి మరి. మనిషిని చూస్తే అతనికి మొహం గుర్తుండదు, చొక్కా గుర్తుంటుంది. వీధిలో ఎవరైనా నమస్కారం పెడితే ముందు కాలరు చూసి, తర్వాత జేబు చూసి, "ఆఁ, నువ్వా!" అనేవాడు. సొంత తోడల్లుడు కొత్త ప్యాంటు వేసుకొస్తే గిరాకీ అనుకుని, "ఎప్పటికి కావాలండీ?" అని అడిగాడు. ఆ కథ చెప్పి అతని భార్య ఏళ్ల తరబడి నవ్వింది.

"నీకు మనుషులు కనపడరయ్యా, గుడ్డలే కనపడతాయి" అనేది. "రేపు నేను మంచి చీర కట్టుకుని ఎదురొస్తే, ఎవరమ్మా మీరు, ఇస్త్రీకేమైనా ఉన్నాయా అంటావు."

"నువ్వు మంచి చీర కట్టుకున్న రోజు చూద్దాంలే" అనేవాడు మడతన్న.

ఆమె మూతి తిప్పుకుని లోపలికి పోయేది. మాటకి మాట అన్నాడు గానీ, అందులో ముల్లు అతనికీ తెలుసు. ఊరందరి చీరలూ వాళ్ల చేతుల మీదుగా పోతాయి, ఆమె ఒంటికి మాత్రం గోధుమరంగు పూల నూలుచీర, లేకపోతే దానికి అక్కలాంటి ఇంకొకటి. అందుకే ఆమె చేసే ఒక చిన్న దొంగపనికి అతను చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. మంచి చీర ఇస్త్రీకి వచ్చిందంటే ఆమె చెయ్యి ఊరుకునేది కాదు. పరదా వేసుకుని, వెనకగదిలో ఆ చీర కట్టుకుని, గోడకున్న పగుళ్ల అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకునేది. కాసేపటికి విప్పి బల్ల మీద పెట్టేది. అతను సణుక్కుంటూ మళ్లీ ఇస్త్రీ చేసేవాడు.

ఒక్క విషయంలో మాత్రం ఖండితంగా చెప్పాడు. "ఏమే, కట్టుకో, చూసుకో, నీ ఇష్టం. కానీ ఊళ్లోవాళ్ల చీరతో గడప దాటావంటే మాత్రం నా పరువు గంగలో కలిసినట్టే. మనల్ని నమ్మి ఇస్తున్నారు."

"నాకు తెలీదా ఏంటి? గడప దాటి నేనెక్కడికి పోతాను?" అంది ఆమె. ఆ మాట ఆమె ఎన్నడూ తప్పలేదు. అదే వచ్చింది చావు.

ఆ రోజు పొద్దున మడతన్న పంతులమ్మగారి చీర ఇస్త్రీ చేశాడు. చిలకపచ్చ పట్టుచీర, ఆవపువ్వు రంగు అంచు. బళ్లో సాయంత్రం ఏదో సభ ఉందట. మధ్యాహ్నం నది అవతలున్న బడి నుంచి వచ్చి, చీర తీసుకుని, ఇంట్లో కట్టుకుని వెళతానని ముందురోజే చెప్పింది. చీరను అరలో పెట్టి, "పంతులమ్మగారు వస్తారు, జాగ్రత్తగా ఇవ్వు" అని భార్యకి చెప్పి, మెరక మీదున్న ఆస్పత్రికి దుప్పట్ల మూట సైకిలుకి కట్టుకుని బయలుదేరాడు. వాన వారం నుంచీ పడుతూనే ఉంది. అలవాటైపోయి ఎవరూ దాన్ని లెక్కచేయడం లేదు. ఆమె గోధుమరంగు పూల చీరలో గడప దగ్గర నిలబడి, "మూట తడవకుండా చూసుకో, నువ్వు తడిసినా పర్లేదు" అంది.

ఆమె మాట అతను వినడం అదే ఆఖరు.

పైనెక్కడో ఆనకట్ట తలుపులు ఎత్తేశారు. నది మీద వంతెన ఒక పక్క కూలిపోయింది. నీళ్లు పల్లపు వీధుల్లోకి ఎంత తొందరగా వచ్చాయంటే, పొయ్యి మీది గిన్నె దించేలోపు పొయ్యి మునిగిపోయిందని చెప్పుకున్నారు. మడతన్న ఆస్పత్రి మేడ మీంచి చూస్తే తన వీధి ఉన్నచోట మట్టినీళ్లు, వాటి మీద కొన్ని పైకప్పులు కనిపించాయి. దిగబోతే నలుగురు పట్టుకుని ఆపారు. అతను వాళ్లని నోటికొచ్చినట్టు తిట్టాడు.

నీళ్లు తీసే వరకూ ఊరివాళ్లను ధాన్యం గోదాముల్లోకి చేర్చారు. అదే క్యాంపు. అందరూ కట్టుబట్టలతో వచ్చినవాళ్లే. సాయం చేసే సంస్థ తరఫున ఒక అమ్మాయి వచ్చి పెత్తనమంతా భుజాన వేసుకుంది. అందరూ ఆమెను క్యాంపు మేడమ్ అనేవాళ్లు. గొంతు బొంగురుపోయేలా అరిచేది, తిరిగి తిరిగి ఎక్కడబడితే అక్కడ కూర్చుని నిద్రపోయేది. మంచిపిల్ల.

మడతన్న మొదట వెతికి పట్టుకున్నది ఎదురింటి పాలావిడని. ఆవిడ గోడకి ఆనుకుని శూన్యంలోకి చూస్తూ ఉంది.

"మా ఆవిడ ఏదీ? మీతో రాలేదా?"

"పిలిచాను నాయనా, నెత్తీ నోరూ కొట్టుకుని పిలిచాను. మమ్మల్ని ఎక్కించుకున్న పడవ మీ షాపు ముందు ఆగింది. అప్పటికే నీళ్లు గడప మీదకొచ్చాయి. తలుపు ఓరగా వేసుంది, మనిషి కనపడలేదు. 'వస్తున్నా వదినా, ఒక్క నిమిషం' అంది లోపల్నించి. ఆ ఒక్క నిమిషం ఎంతకీ అవ్వలేదు. పడవ నిలవనంది. వెనక ఇంకో పడవ వస్తోందిలే, దాంట్లో తీసుకొస్తారు అన్నాడు పడవాయన."

"లోపలేం చేస్తోంది?"

"నాకేం తెలుసు నాయనా? గుడ్డలు పైకి సర్దుతోందేమో. మీకు గుడ్డలంటే ప్రాణం కదా."

అవును, అదే అయ్యుంటుందని మడతన్న అనుకున్నాడు. గిరాకీల గుడ్డలు తడవకుండా పై అరలో పెట్టి ఉంటుంది. రెండో పడవ ఎక్కి ఉంటుంది. అవతలి ఒడ్డున కూడా ఒక క్యాంపు ఉందట. వంతెన లేదు, ఫోన్లు పలకడం లేదు. నది కాస్త శాంతిస్తే కబురొస్తుంది. ఇలా తనకి తానే చెప్పుకున్నాడు, ఎవరు అడిగినా అదే చెప్పాడు. నీళ్లు కాస్త తీశాక వెళ్లి చూస్తే షాపులో ఒండ్రు తప్ప మనిషి జాడ లేదు. తలుపు ఊడి ఎటో కొట్టుకుపోయింది. గడప మాత్రం అలాగే ఉంది.

ఆ తర్వాత సాయం రావడం మొదలైంది. నీళ్ల ట్యాంకర్లు, రొట్టెల పొట్లాలు, టార్పాలిన్లు, వాటితోపాటు లారీల కొద్దీ గుడ్డల మూటలు. ఇచ్చిన చేతులకు దణ్ణం పెట్టాల్సిందే గానీ, మూటలు విప్పితే ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు. ఉక్కపోతకి ప్రాణం పోతుంటే ఉన్ని కోట్లు పంపారు. బొత్తాల్లేని చొక్కాలు, ఒంటి చెప్పులు, ఎవరో పెళ్లినాడు తొడుక్కున్న జలతారు కోటు. ఆ కోటు వంటాయనకి దక్కింది. వేరే గతి లేక అది తొడుక్కునే గరిటె తిప్పేవాడు. అందరూ పెళ్లికొడుకా అని పిలిచేవాళ్లు. ఆ నవ్వులు కాసేపే. మళ్లీ ఎవరో ఒకరు ఎవరినో తలుచుకుని ఏడ్చేవాళ్లు.

క్యాంపు మేడమ్ మడతన్నకి గుడ్డలపని అప్పగించింది. మూటలు విప్పి, పనికొచ్చేవి ఏరి, ఉతికి, ఇస్త్రీ చేసి పంచాలి. "ఇస్త్రీ ఎందుకన్నా ఇప్పుడు?" అని ఆమె అడిగింది.

"నలిగిన గుడ్డ ఇస్తే దానం ఇచ్చినట్టుంటుందమ్మా. ఇస్త్రీ చేసి ఇస్తే వాళ్ల గుడ్డ వాళ్లకి ఇచ్చినట్టుంటుంది" అన్నాడు.

ఆమె ఎక్కడినుంచో బొగ్గుల ఇస్త్రీపెట్టె తెప్పించింది.

పని దొరికింది గానీ మడతన్నకి లోకం తల్లకిందులైపోయింది. క్యాంపులో అందరూ ఎవరెవరివో గుడ్డలు వేసుకున్నారు. ఎవరూ వాళ్లలా లేరు. పక్కవీధి వడ్రంగి ఎదురుగా నిలబడి ఏడుస్తుంటే, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగాడు. చొక్కా మారిన చోటల్లా అతనికి మనిషి తప్పిపోతూనే ఉన్నాడు. భార్య వచ్చినా పూల చీర లేకపోతే గుర్తుపట్టగలనా అని ఒకసారి తనలో తనే అనుకుని ఉలిక్కిపడ్డాడు. మూటల్లో ఒక మంచి నేతచీర తగిలింది. నేరేడు రంగు, ఒకటి రెండుసార్లకి మించి కట్టనిది. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా ఇస్త్రీ చేసి పక్కన పెట్టుకున్నాడు. దొంగపనే, కానీ ఆమె వస్తే మంచి చీర ఇవ్వాలని ఉండదా? క్యాంపు మేడమ్ చూసింది. చూసి మొహం తిప్పుకుంది.

ఒండ్రు తీసేకొద్దీ మనుషులు దొరుకుతున్నారు. గోదాము వెనక రేకుల షెడ్డులో పడుకోబెట్టేవాళ్లు. నీళ్లలో నాని మొహాలు మొహాల్లా లేవు. అయినవాళ్లు లోపలికి వెళ్లలేక గుమ్మం దగ్గరే కూలబడేవాళ్లు. ఎవరు అన్నారో గానీ, "మడతన్నకైతే ఊరందరి గుడ్డలూ తెలుసు" అన్నారు. ఇక అతన్ని పిలవడం మొదలుపెట్టారు. అతను వెళ్లేవాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, అంచు తిరగేసి, ఎర్రదారం చూసేవాడు. బయటికొచ్చి, "వీళ్లు ఫలానావాళ్లమ్మా" అని మెల్లగా చెప్పేవాడు. ఆ తర్వాత లేచే ఏడుపు వినలేక గోదాము చివరికి వెళ్లి నిలబడేవాడు. అయినా ప్రతిసారీ వెళ్లాడు. ఎందుకంటే అతను లోపల వెతుకుతున్నది వేరు. గోధుమరంగు పూల చీర కనపడనంతసేపూ ఆమె బతికున్నట్టే.

ఒక రోజు మందుల షాపాయన కోసం పిలిచారు. ఆయన పంతులమ్మగారి భర్త. ఆ మధ్యాహ్నం చీర కోసం వస్తానన్న భార్య ఇంటికి వచ్చి వెళ్లిందో లేదో తెలియదు, బడి అవతలి ఒడ్డున ఉంది, మధ్యలో ఏమైందో తెలియక మనిషి సగమైపోయాడు. షెడ్డుకి వీపు పెట్టి నిలబడి, "నేను చూడలేను. నువ్వు చూసి చెప్పు మడతన్నా" అన్నాడు.

మడతన్న లోపలికి వెళ్లాడు. ఒండ్రు పట్టి ఉన్నా చిలకపచ్చ కనపడింది. అంచు తిరగేసి నీళ్లతో తుడిచాడు. ఇంటూ, పక్కన చుక్క. భార్య కుట్టిన కుట్టు. ఇన్ని రోజుల తర్వాత ఆమె చేతిపని కనపడింది. ఆ చుక్క మీద వేలితో ఒకసారి తడిమాడు.

కుచ్చిళ్లకి పిన్ను లేదు. పంతులమ్మగారు పిన్ను లేకుండా చీర కట్టదని అతనికి తెలుసు, ఆ పిన్ను చిల్లుల మీద ఎన్నిసార్లు ఇస్త్రీ చేశాడో! నీళ్లలో ఊడిపోయి ఉంటుందనుకున్నాడు. ఒంటి మీద చీర తప్ప ఆనవాలు పట్టడానికి వేరే ఏమీ మిగల్లేదు. చేతుల వైపు, కాళ్ల వైపు అతను చూడలేదు. చూడాలని కూడా తోచలేదు.

బయటికొచ్చి, "చీర అమ్మగారిదే బాబూ" అన్నాడు. మందుల షాపాయన ఒక్కసారి వెనక్కి తిరిగి, గుమ్మంలోంచి ఆ పచ్చరంగు చూసి, అక్కడికక్కడే కుప్పకూలిపోయాడు.

మెరక మీద కొత్తగా తవ్విన స్థలంలో పూడ్చారు. మోసేవాళ్లు తక్కువైతే మడతన్న ఒక పక్క భుజం ఇచ్చాడు. పంతులమ్మగారి పేరు రాసిన చెక్క పలక పాతారు. బడిపిల్లలు అడవిపూలు తెచ్చి పోశారు. అందరూ ఏడ్చారు. మడతన్నకి మాత్రం ఏడుపు రాలేదు, పైగా లోపలెక్కడో చిన్న ఊరట తగిలింది. సిగ్గుపడ్డాడు గానీ, తగిలిన మాట నిజం. చీర పంతులమ్మగారి ఒంటి మీదుందంటే తన భార్య దాన్ని జాగ్రత్తగా అప్పగించేసిందన్నమాట. అంటే ఆమె తన పూల చీరలోనే ఉంది. ఆ పూల చీర ఇంతవరకూ కనపడలేదు. తిరిగొచ్చి నేరేడు రంగు చీరను మళ్లీ ఒకసారి ఇస్త్రీ చేశాడు.

నది తగ్గింది. అవతలి క్యాంపు నుంచి మొదటి లాంచీ వస్తోందని తెలిసి గోదామంతా ఒడ్డుకి పరుగెత్తింది. మడతన్న చీరను కాగితంలో చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లాడు. దిగుతున్నవాళ్లందరూ అవతల పంచిన గుడ్డల్లో ఉన్నారు, ఒక్క మొహమూ అతనికి ఆనడం లేదు. గోధుమరంగు కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాడు. వదులు నైటీ వేసుకుని, భుజాన తువ్వాలు కప్పుకున్న ఒకావిడ నేరుగా అతని దగ్గరికే వచ్చింది.

"ఏం మడతన్నా, గుర్తుపట్టలేదా?"

గొంతు పంతులమ్మగారిది.

పక్కన ఎవరో కెవ్వుమన్నారు. మందుల షాపాయన జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఆవిడ రెండు భుజాలూ పట్టుకున్నాడు. తర్వాత పసిపిల్లాడిలా బావురుమన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. ఒకావిడ పంతులమ్మగారిని నిజమో కాదో అని గిల్లి చూసింది. క్యాంపు మొదలయ్యాక అంత సంతోషం ఎవరూ చూడలేదు.

"నేను బళ్లోనే ఉండిపోయానండీ" అంటోంది ఆవిడ. "వానకి సభ మానేశారు, ఇక చీరెందుకని రానే లేదు." అని, ఇటు తిరిగి నవ్వింది. "నా చీర మీ ఆవిడ దగ్గరే ఉండిపోయింది కదా మడతన్నా? పోతే పోయిందిలే, ఏం పర్లేదు. ఆవిడేదీ?"

పాలావిడ చెప్పిన మాట మడతన్నకి గుర్తొచ్చింది.

ఒక్క నిమిషం వదినా. లోపల ఏం చేస్తోందో ఇప్పుడు తెలిసింది. వాన పడుతోంది, సభ లేదు, చీర కోసం ఎవరూ రాలేదు. అరలో చిలకపచ్చ పట్టు ఊరిస్తోంది. కట్టుకుని అద్దంలో చూసుకుంటూ ఉంటుంది. అంతలో నీళ్లొచ్చాయి, పడవ వచ్చింది. ఊళ్లోవాళ్ల చీరతో గడప దాటకూడదని మొగుడు చెప్పాడు. అందుకని పూల చీర కట్టుకుని వద్దామని వెనకగదిలోకి వెళ్లింది. అతని పరువు కాపాడటానికి వెళ్లింది. నీళ్లు ఆ నిమిషం కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత తనే ఆమె ముందు కూర్చుని, అంచు తిరగేసి, ఆమె కుట్టిన చుక్కని ముట్టుకుని, ఎవరమ్మా మీరు అన్నట్టు చూసి, వేరే ఇంటికి అప్పగించి వచ్చాడు. ఆమె పొద్దస్తమానం అన్న మాటే. నవ్వులాటకి అన్న మాట.

మందుల షాపాయన ఏడుపు ఆపాడు. తను మట్టి వేసింది ఎవరికో ఆయనకి అప్పుడు తట్టింది. మడతన్న వైపు చూశాడు, చూడలేక తల దించుకున్నాడు.

మడతన్న చంకలోని కాగితం విప్పాడు. నేరేడు రంగు చీర తీసి, నలిగిన ఒక మూలను అరచేత్తో సాపు చేసి, పంతులమ్మగారి చేతుల్లో పెట్టాడు.

"కట్టుకోండమ్మా, ఇస్త్రీ చేసిందే."

"ఇది మీ ఆవిడ కోసం తెచ్చినట్టున్నావు. నాకెందుకు?"

"ఆవిడకి చీర ఉందమ్మా" అన్నాడు మడతన్న. "మీ చీర కట్టుకునే వెళ్లింది."

పంతులమ్మగారి చేతులు అలాగే ఉండిపోయాయి. అతను నమస్కారం పెట్టి, పూడ్చిన చోటికి మెరక ఎక్కడం మొదలుపెట్టాడు. పలక మీది పేరు చెరపాలి. దాని మీద రాయడానికి భార్య పేరు ఒకటి ఉంది. ఆ పేరు పెట్టి ఆమెను పిలిచి ఎన్నేళ్లయిందో అతనికి గుర్తు రాలేదు.